అధోముఖ స్పిన్ల నిర్మూలన కమిటీ

డాక్టర్ విశ్వపతి గారు ఐదు రోజుల నాయకత్వ శిక్షణ కోసం చల్లని కొండ మీది ఊరొకదానికి వెళ్ళి, ఆరో రోజున కొండ దిగి వచ్చారు. దిగి వచ్చారు అనడం ఆ రోజుకి తప్పు కాదు. మర్నాటి నుంచి తప్పయింది.

ఆయన సూక్ష్మ అయస్కాంత పరిశోధన సంస్థకి డైరెక్టరు. నగరానికి ముప్ఫై కిలోమీటర్ల అవతల, బండరాళ్ళ మధ్య, అయిదంతస్తుల మేడ అది. మూడో అంతస్తులో డాక్టర్ దమయంతి ప్రయోగశాల. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం డబ్బా మూత తీస్తుండగా అటెండరు ఒక సర్క్యులరు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆవిడ ఒక చేత్తో ముద్ద కలుపుకుంటూ రెండో చేత్తో దాన్ని పట్టుకుని చదివింది.

"విషయం: సంస్థ యందు ఊర్ధ్వముఖ సంస్కృతిని నెలకొల్పుట గురించి. ఏ సంస్థ అయిననూ తన మాటలలోనూ, గీతలలోనూ, చూపులలోనూ పైకి పోయినప్పుడే అభివృద్ధి చెందునని నిపుణులు తేల్చియున్నారు. కావున నేటి నుండి సంస్థ యందు ఏ వస్తువు గానీ, గీత గానీ, మాట గానీ కిందికి ఉండరాదు. అతిక్రమించిన వారిపై తగు చర్య గైకొనబడును."

జారీ చేసింది పరిపాలనాధికారి చెన్నకేశవులు గారు. సంతకం కాగితం అడుగున లేదు, నెత్తిన ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన తనని తాను "దిగువ సంతకం చేసినవారు" అని రాసుకునేవాడు. ఒక్క పూటలో "ఎగువ సంతకం చేసినవారు" అయిపోయి, మాట నిలబెట్టుకోవడానికి సంతకాన్ని కూడా ఎగువకి ఎక్కించాడు.

దమయంతి ఆ కాగితాన్ని పక్క బల్ల దగ్గర మిషను విప్పుకుంటున్న ఖాజా భాయ్‌కి చదివి వినిపించింది. ఖాజా భాయ్ ఆ ప్రయోగశాలలో టెక్నీషియను. ఆవిడ ఈ సంస్థలో చేరిన నాటికే అక్కడున్న మనిషి.

"పైకి పోతే అభివృద్ధా మేడమ్?" అన్నాడతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి. "మా మామ పోయిన నెలలనే పైకి పోయిండు. ఆయనకు అభివృద్ధి ఏం జరిగిందో, వచ్చి చెప్పలే మరి."

సర్క్యులరు అమలు చేయడంలో చెన్నకేశవులు గారిని తప్పు పట్టడానికి లేదు. లిఫ్టులో కిందికి పొమ్మనే మీట మీద నల్ల టేపు అంటించారు. మెట్ల మీద దిగేవాళ్ళు ముఖం పై అంతస్తు వైపు పెట్టి వెనక్కి నడుస్తూ దిగాలన్నారు. అలా చేస్తే అది దిగడం కాదట, ఎక్కడంలో జరిగే ఆలస్యమట. టైపు సెక్షన్‌లో ఒకాయన అలా ఆలస్యమవుతూ మడమ బెణికించుకుని, "కాలు జారి కిందపడినందున" అని సెలవు చీటీ పెడితే అది వెనక్కి తిరిగొచ్చింది. "నేల మీదికి చేరుకున్నందున" అని తిరగరాశాకే మంజూరైంది. ఇంకొకామె "జ్వరం తగ్గినది" అన్న డాక్టరు సర్టిఫికెట్‌తో డ్యూటీలో చేరబోతే, ఏదైనా పెరిగినట్టు సర్టిఫికెట్ తెమ్మని పంపేశారు. ఆమె ఆకలి పెరిగినట్టు రాయించుకొచ్చింది.

ఇదంతా రెండు నెలలు నడిచి, ఇంకో డైరెక్టరు ఇంకో కొండ నుంచి ఇంకో ఆలోచన తెచ్చేదాకా ఉండి, దాని దారిన అది పోయేదే. దమయంతి పని మధ్యలో తగలకపోతే.

ఆవిడ పని ఏమిటంటే, ఎలక్ట్రాన్‌తో రాయడం. ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతం. దానికి స్పిన్ అనే గుణం ఒకటుంది. కొలిచి చూస్తే అది పైకైనా ఉంటుంది, కిందికైనా ఉంటుంది, నడుమ ఎక్కడా నిలబడదు. వెంట్రుకని నిలువునా యాభైవేల పొరలుగా చీలిస్తే ఒక్క పొర ఎంతుంటుందో అంత పల్చటి లోహపు రేకు మీద దమయంతి కోట్ల కొద్దీ చుక్కలు చేసింది. చుక్కలోని స్పిన్లు పైకి తిరిగి ఉంటే ఒకటి, కిందికి తిరిగి ఉంటే సున్నా. ఆ ఒకట్లూ సున్నాలే అక్షరాలు, అవే అంకెలు. కరెంటు పోయినా చుక్కలు తిరిగిన దిక్కునే ఉండిపోతాయి. రాసింది చెరగదు.

చెరగకపోవడమే ఆవిడకి కావలసింది. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ ఏజెన్సీలో ఒక నది పక్కన వరద కొలిచే పెట్టె ఒకటి చూసింది. గాలివానకి కరెంటు పోయి, బ్యాటరీ తడిసి, పెట్టె తన దగ్గరున్న లెక్కంతా మరిచిపోయింది. నీళ్ళు ఎంత వేగంగా పెరుగుతున్నాయో ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి రెండు ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఆ పెట్టెలో వేళ్ళు పెట్టి బురద తీసి చూసిన దమయంతి, తిరిగొచ్చి ఈ పని మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళు పట్టింది. ఈ వానాకాలానికి పన్నెండు పెట్టెలు నది మీదికి వెళ్ళాలి.

ఫిబ్రవరిలో సమీక్షా సమావేశం జరిగింది. డైరెక్టరు గారు వేదిక మీద, మిగతావాళ్ళు ఎదురుగా. దమయంతి లేచి చుక్కల సంగతి చెప్పి, వాడకంలో ఉన్నప్పుడు సుమారుగా సగం స్పిన్లు పైకి, సగం కిందికి ఉంటాయని మామూలుగా అనేసింది.

వేదిక మీద డైరెక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"సగమా?" అన్నారు విశ్వపతి గారు. "యాభై శాతం కిందికా? నా సంస్థలోనా? ఎన్నాళ్ళుగా?"

"మొదటి నుంచీ సార్. ఎనిమిదేళ్ళుగా."

"ఎనిమిదేళ్ళు మీరు వాటిని అలాగే వదిలేశారు."

"కిందివి లేకపోతే రాయడానికి కుదరదు సార్. అన్నీ పైకే ఉంటే అన్నీ ఒకట్లే. ఏం రాశామో తెలియదు."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, జాలిగా నవ్వారు. "డాక్టర్ దమయంతీ, మీరు ఎలక్ట్రాన్లని చూశారు గానీ మన భాషని చూడలేదు. దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కింది అంటాం. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. ఆరిపోయే దీపాన్ని కూడా పైకెక్కించిన జాతి మనది. మీరు నాలుగు ఎలక్ట్రాన్లని ఎక్కించలేరా?"

"కొండెక్కినా గదిలో చీకటే కదా సార్?"

ఈ సంభాషణ తర్వాత మినిట్సులో ఇలా వచ్చింది: "దీపము విషయమై శ్రీమతి దమయంతి గారు డైరెక్టరు గారితో ఏకీభవించినారు."

ఆ సాయంత్రమే అధోముఖ స్పిన్ల నిర్మూలన కమిటీ ఏర్పడింది. కన్వీనరు డాక్టర్ దమయంతి. మే నెలాఖరుకి నూటికి నూరు శాతం స్పిన్లు పైకి ఉండాలి. అప్పుడు జలవనరుల కార్యదర్శి గారు స్వయంగా వచ్చి చూస్తారు. కార్యదర్శి గారు మెచ్చితేనే పెట్టెలు నదికి వెళ్తాయి.

దమయంతి మర్నాడు చిప్పు, ల్యాప్‌టాప్ పట్టుకుని చెన్నకేశవులు గారి గదికి వెళ్ళింది. కళ్ళారా చూస్తే ఎవరికైనా అర్థమవుతుందని ఆవిడకి ఇంకా నమ్మకం ఉంది.

"సార్, మీ పేరు దీని మీద రాస్తాను చూడండి," అంది. రాసింది. తెర మీద చెన్నకేశవులు అని వచ్చింది. ఆయన ముచ్చటపడి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఇప్పుడు కిందికున్నవన్నీ పైకి తిప్పుతాను." తిప్పింది. తెర మీద ఒకట్ల నిలువు గీతలు మాత్రం మిగిలాయి. "చూశారా? మీ పేరు పోయింది."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పేరుతో పనేముందమ్మా, హోదా ఉంటే చాలు. హోదా రాయండి."

"హోదా కూడా పోతుంది సార్."

అప్పుడు మాత్రం ఆయన ముఖంలో రంగు మారింది. గబగబా చిప్పు వెనక్కి నెట్టేశాడు. "ఇవన్నీ సాంకేతిక విషయాలు. మా పరిధిలోకి రావు."

"సార్, ఇది నా ఇష్టమో మీ ఇష్టమో కాదు. ఒకే చోట రెండు ఎలక్ట్రాన్లు ఉండాల్సి వస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండి తీరాలి. ప్రకృతి నియమం అది. వందేళ్ళ కిందటే..."

"కిందట అనకండి."

"వందేళ్ళ... పైచిలుకు క్రితం తేలిన సంగతి."

"ఎవరి ఉత్తర్వు? నంబరు చెప్పండి."

"ప్రకృతి నియమానికి నంబరుండదు సార్."

"నంబరు లేనిది నియమం కాదమ్మా, ఆనవాయితీ. ఆనవాయితీని సడలించే అధికారం డైరెక్టరు గారికి ఉంది." ఆయన కాగితం లాక్కుని, నెత్తిన సంతకం పెట్టి, తర్వాత సంతకం కింద, అంటే సంతకానికి పైన కాని చోట, సడలింపు ఉత్తర్వు రాయడం మొదలుపెట్టాడు.

ఇంక చేసేదేమీ లేక దమయంతి పెద్ద అయస్కాంతం ఆన్ చేయమంది. బీరువా అంత మిషను. దాని నోట్లో చిప్పు పెట్టి మీట నొక్కితే స్పిన్లన్నీ ఒక్కసారిగా పైకి లేచి నిలబడతాయి. క్షణం పడుతుంది. ఆ క్షణంలో నిరుటి వానాకాలమంతా ఆవిడ పట్టిన కొలతలు, మూడు వేల గంటల పరీక్ష ఫలితాలు, చిప్పు మీది నుంచి పోతాయి. కాగితం మీద నకలుంది. అయినా చిప్పు కరెంటు లేకుండా ఇన్ని నెలలూ ఏదీ మరిచిపోలేదని చూపించడానికి ఆ చిప్పే సాక్ష్యం.

"నొక్కనా మేడమ్?" అన్నాడు ఖాజా భాయ్.

ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. "నొక్కు భాయ్. నేను చూడను."

క్షణంలో నూరు శాతం అయింది. ఆవిడ నివేదిక రాసి పంపింది. అది తిరిగొచ్చింది. నిర్మూలన అనేది ప్రణాళికాబద్ధంగా జరగాలని, మూడు నెలల కార్యక్రమం ఒక్క క్షణంలో ముగిస్తే కమిటీ ఏర్పాటు ఉద్దేశమే దెబ్బతింటుందని డైరెక్టరు గారి అభిప్రాయం. కాబట్టి ఎక్కించిన స్పిన్లలో సగాన్ని దమయంతి మళ్ళీ దించాల్సి వచ్చింది. దాన్ని "పూర్వస్థితి పునరుద్ధరణ" అన్నారు. ఆ తర్వాత వారానికి ఇంత చొప్పున ఎక్కిస్తూ పోయారు. అరవై రెండు, డెబ్భై ఒకటి, ఎనభై నాలుగు. ప్రతి సోమవారం ఆ గీత పైకి వెళ్ళడం చూసి విశ్వపతి గారు చప్పట్లు కొట్టేవారు. ఆయనకి నిజంగానే సంతోషంగా ఉండేది. అదే దమయంతికి కష్టంగా ఉండేది. దొంగ మనిషైతే కోప్పడొచ్చు.

ఏప్రిల్ చివర్లో తొంభై ఎనిమిది శాతం దగ్గర గండం వచ్చింది. ఎండలు ముదిరాయి. శని, ఆదివారాలు ఏసీ కట్టేశారు. చుక్కల్లో మరీ చిన్నవాటికి వేడి తగిలితే కుదురు ఉండదు. సోమవారం పొద్దున కొలిస్తే సున్నా పాయింట్ మూడు శాతం స్పిన్లు వాటంతటవే కిందికి తిరిగి ఉన్నాయి. గీత చరిత్రలో మొదటిసారి వంగింది.

చెన్నకేశవులు గారు విచారణాధికారి అయ్యారు. దమయంతిని ఎదురుగా కూర్చోబెట్టి, ప్రశ్నలూ జవాబులూ ఆయనే రాసుకుంటూ అడిగారు.

"సదరు ఎలక్ట్రాన్లు స్వచ్ఛందముగా కిందికి తిరిగినవా, ఎవరైననూ పురికొల్పిరా?"

"వేడి వల్ల తిరిగాయి సార్."

"వేడి అనగా ఎవరు? ఏ విభాగము?"

"ఎండ సార్. ఉష్ణోగ్రత."

"ఉష్ణోగ్రత మీ ప్రయోగశాలలోనికి ఎవరి అనుమతితో ప్రవేశించినది?"

దమయంతి ఏమీ మాట్లాడలేదు. ఆయన "మౌనము వహించినారు" అని రాసుకుని ముందుకి పోయారు.

"స్పిన్ అనగా తిరుగుడు కదా. అవి తిరుగుచుండగా మీరు కన్నులారా చూచితిరా?"

"నిజానికి అవి బొంగరంలా తిరగవు సార్. పేరు అలా పడిపోయింది."

ఆయన కలం ఆగింది. "తిరగని వాటికి తిరుగుడు పేరిట ఎనిమిదేళ్ళు ప్రాజెక్టు నడిచినదా?"

విచారణ ఫలితంగా ప్రయోగశాల తలుపు మీద ఒక బోర్డు వెలిసింది. "వేడికి ప్రవేశము లేదు." కింద, క్షమించాలి, ఆ మాటల తర్వాత, "ఉత్తర్వుల మేరకు" అని ఉంది. రెండు రోజుల తర్వాత బోర్డు మీది రంగు వేడికి పెచ్చులూడింది.

మే మూడో వారానికి గీత నూరు చేరింది. కార్యదర్శి గారు ఇంకో వారంలో వస్తారనగా దమయంతి అన్నీ పైకున్న చిప్పుని తీసుకెళ్ళి వరద పెట్టెకి తగిలించి డైరెక్టరు గారికి చూపించింది. ప్రయోగశాలలో ఒక నీళ్ళ తొట్టి ఉంది. ఖాళీ తొట్టి. పెట్టె తెర మీద మాత్రం నీటిమట్టం చివరి గీత దాటిపోయి ఉంది.

"తొట్టిలో చుక్క నీరు లేదు సార్. ఇది నిండుగా ఉందంటోంది. ఎప్పుడడిగినా ఇదే అంటుంది. ఒకట్లు తప్ప దీనికి ఇంకేం రావు."

విశ్వపతి గారు తొట్టిలోకి తొంగి చూశారు, తెర చూశారు. "ఖాళీ తొట్టిలో నిండుదనం చూడగలగడం, డాక్టర్ దమయంతీ, ఐదు రోజులు నేర్పినా మాలో సగం మందికి పట్టుబడలేదు. మీ పెట్టె ఒక్కసారికే పట్టేసింది."

"నది ఒడ్డున పెట్టాల్సిన పెట్టె సార్ ఇది. ఎప్పుడూ వరదే అంటే, నిజంగా వరదొచ్చిన రోజున ఎవరు నమ్ముతారు?"

"అనుకూలంగా ఆలోచించండి," అని ఆయన వెళ్ళిపోయారు, మెట్ల మీద వెనక్కి నడుస్తూ.

ఆ రోజు దమయంతి రాజీనామా రాసుకుంది. సంతకం అడుగునే పెట్టింది. ఇవ్వలేదు. ఇచ్చేస్తే ఇంకొకరు అదే చిప్పుని తీసుకెళ్ళి నది ఒడ్డున పెడతారు. ఏజెన్సీలో ఆ జనం తెర చూసి నవ్వుకుని, ఒక పొద్దున నీళ్ళలో లేస్తారు. ఆవిడ రాజీనామాని మడిచి సొరుగులో పెట్టేసింది.

మూడో రోజున ఖాజా భాయ్ వర్క్‌షాపు నుంచి వచ్చిన కొత్త డబ్బాలు పట్టుకుని విసుక్కుంటూ వచ్చాడు.

"చూడండి మేడమ్, డబ్బా సన్నగ చేసిన్రు. చిప్పు పడుకోబెట్టనీకి జాగా లేదు. గోడకు ఆనిచ్చి నిలబెడ్తే పడ్తది. నిలబెట్టనా, వాపసు పంపనా?"

దమయంతి డబ్బా వైపు చూసింది. చిప్పు వైపు చూసింది. చిప్పుని రెండు వేళ్ళతో ఎత్తి అంచు మీద నిలబెట్టింది. పడుకున్న చిప్పులో పైకీ కిందికీ ఉన్న స్పిన్లు, చిప్పుని నిలబెడితే ఏ దిక్కున ఉంటాయి? కుడికీ ఎడమకీ. ఒకట్లన్నీ కుడివైపు, సున్నాలన్నీ ఎడమవైపు. పైకెళ్ళేదీ లేదు, కిందికొచ్చేదీ లేదు. చిప్పుకి దిక్కులతో పట్టింపు లేదు, దాని పని అది చేసుకుపోతుంది.

ఆవిడ స్టూలు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఖాజా భాయ్ కంగారుగా మంచినీళ్ళ సీసా అందించాడు.

"వాపసు పంపకు భాయ్. పన్నెండూ నిలబెట్టెయ్యి. చిప్పుల్లో మళ్ళీ మామూలుగా రాద్దాం."

కార్యదర్శి గారు సన్నగా, పొట్టిగా, తక్కువ మాట్లాడే మనిషి. పూలగుత్తి తీసుకుని పక్కన పెట్టి, నేరుగా తొట్టి దగ్గరికి వచ్చారు. ఖాజా భాయ్ నీళ్ళు పోశాడు. తెర మీద అంకె పెరిగింది. ఆవిడే స్వయంగా ప్లగ్గు పీకేశారు. పావుగంట కూర్చుని మళ్ళీ పెట్టారు. అంకె అలాగే ఉంది. నీళ్ళు వదిలించారు. అంకె తగ్గింది. విశ్వపతి గారు ఉలిక్కిపడి చెన్నకేశవులు గారి వైపు చూశారు. చెన్నకేశవులు గారు అప్పటికే దమయంతిని పక్కకి పిలిచి ధ్రువపత్రం నింపుతున్నారు.

"కిందికి ఉన్న స్పిన్లు ఎన్ని?"

"ఒక్కటీ లేదు సార్. కావాలంటే కొలిపించుకోండి."

"లేవు," అని రాసి ఆయన ముద్ర వేశారు.

"ఎప్పుడు పంపుతారు?" అన్నారు కార్యదర్శి గారు.

"పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి మేడమ్," అంది దమయంతి, డైరెక్టరు గారు నోరు తెరిచేలోగా.

వారం తిరక్కుండా పన్నెండు పెట్టెలూ లారీ ఎక్కాయి. ప్రపంచంలో మొట్టమొదటి అధోరహిత జ్ఞాపక చిప్పు కనిపెట్టినందుకు విశ్వపతి గారికి శాలువా కప్పారు. అంతటితో కథ సుఖాంతమయ్యేదే. చెన్నకేశవులు గారు ఫైలు మూసేముందు ఇంకో గడి నింపడానికి ప్రయోగశాలకి మనిషిని పంపారు. "పైకి ఉన్న స్పిన్లు ఎన్ని?" అన్న గడి అది.

దమయంతి అబద్ధం చెప్పలేకపోయింది. "ఒక్కటీ లేదు," అని రాసింది. "సగం కుడికి, సగం ఎడమకి."

గంటలో ఆవిడకి పిలుపు వచ్చింది. డైరెక్టరు గారి గదిలో ముగ్గురే ఉన్నారు.

"సగం ఎడమకా?" అన్నారు విశ్వపతి గారు గొంతు తగ్గించి. "అంటే యాభై శాతం వామపక్షమా? ప్రభుత్వ సంస్థలో? ఇది పైకి... ఇది బయటికి తెలిస్తే?"

"వాటికి రాజకీయాల్లేవు సార్. చిప్పుని అటువైపు నుంచి చూస్తే ఎడమవి కుడివి అవుతాయి."

"అంటే పార్టీ మారతాయి కూడానా?" అన్నారు చెన్నకేశవులు గారు, రాసుకోవడం ఆపి.

పెట్టెలు వెనక్కి తెప్పిస్తే శాలువా కూడా వెనక్కి ఇవ్వాలి. కాబట్టి పెట్టెల జోలికి ఎవరూ వెళ్ళలేదు. దమయంతి జోలికి వెళ్ళారు. జూన్ మొదటి వారంలో ఆవిడని నదీతీర క్షేత్ర కేంద్రానికి బదిలీ చేశారు. పదిహేనేళ్ళుగా అక్కడ ఎవరూ లేరు. క్షేత్ర కేంద్రమంటే ఒక రేకుల గది. ఉత్తర్వులో "పదోన్నతి స్వభావము గల మార్పు" అని రాశారు. పెట్టెలు బిగించే పని మీద ఖాజా భాయ్ అడిగి మరీ ఆవిడతో వెళ్ళాడు.

జూలై రెండో వారంలో నది పొంగింది. రెండు రోజులు కరెంటు లేదు, దారుల్లేవు. ఒడ్డున ఉన్న ఊరి జనం, రెండొందల నలభై గడప, మిట్ట మీది బడి ఆవరణలో చేరారు. పెరిగే నీటిని పెట్టె గంటగంటకీ చెప్పబట్టే, పిల్లాపాపలతో, గొడ్డూగోదతో అందరూ, ఊళ్ళోకి నీళ్ళు రావడానికి ముందు రోజు మధ్యాహ్నానికే, మిట్టకి చేరగలిగారు. ఒక్కరూ పోలేదు. మూడో రోజు పొద్దున వాన వెలిసింది. కానీ నీళ్ళు ఎర్రగా, అడ్డదిడ్డంగా పారుతూనే ఉన్నాయి. కళ్ళతో చూసి ఏమీ చెప్పడానికి లేదు.

జలవనరుల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు నూకరాజు తోవ చూపిస్తే, దమయంతి మోకాటి లోతు బురదలో పెట్టె దగ్గరికెళ్ళి మూత తీసింది. లోపల చెమ్మ. బ్యాటరీ నిన్న ఎప్పుడో చచ్చిపోయింది. ఆవిడ ల్యాప్‌టాప్ తగిలించింది. చిప్పు బ్యాటరీ ఉన్నంతసేపూ కొలిచిన ప్రతి అంకె, గంటతో సహా, ఉన్నదున్నట్టు చెప్పింది. కొత్త బ్యాటరీ పెట్టి ఇప్పటి మట్టం కొలిపించింది. పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. ఒక గంట అక్కడే రాతి మీద కూర్చుని ఇంకోసారి కొలిపించింది.

మిట్టెక్కి వచ్చేసరికి జనమంతా లేచి నిలబడ్డారు. ముందు సోమాలమ్మ అనే ముసలావిడ ఉంది, చంకలో కోడిపెట్టతో.

"ఏవండీ అమ్మగోరూ, పెట్టేటంటాందండీ?"

అప్పుడే దమయంతి ఫోను మోగింది. రెండు రోజుల్లో మొదటిసారి సిగ్నలు దొరికింది. అవతల విశ్వపతి గారు.

"డాక్టర్ దమయంతీ! ఇక్కడ విలేకరులు కూర్చున్నారు. మన పెట్టె గురించి రెండు మాటలు కావాలి. నీటిమట్టం ఎలా ఉంది? పైకేనా?"

"లేదు సార్. దిగుతోంది," అంది దమయంతి, గొంతు పెంచి. "నిన్నటికీ ఇవాళ్టికీ అడుగున్నర కిందికి దిగింది. ఇంకా కిందికి పోతోంది."

వెనక ఎవరో కేక వేశారు. ఆ కేక మనిషి నుంచి మనిషికి బడి ఆవరణంతా పాకింది. సోమాలమ్మ కోడిపెట్టని గుండెకి హత్తుకుని బడి మెట్టు మీద కూలబడి ఏడుస్తోంది, నవ్వుతోంది. నూకరాజు టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

ఫోనులో విశ్వపతి గారు మెల్లగా, బతిమాలుతున్నట్టుగా అడిగారు. "దాన్నే ఇంకోలా చెప్పలేరా?"

"చెప్పలేను సార్," అంది దమయంతి. "ఇక్కడ జనం వింటున్నారు."